గేదెకు నువ్వు అలవాటయ్యే దాకా సూది తీయకు

చిరంజీవి శ్రావణికి,

గేదెల మీద ఎండ ప్రభావమే నీ పీజీ అంశమని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన సామాన్ల జాబితా చూశాను. కిట్లు, వయల్స్, సెన్సర్లు అన్నీ ఉన్నాయి. ఊరికే గేదెల పక్కన నిలబడే రోజులు మాత్రం ఎక్కడా లేవు. కనీసం రెండు వారాలు కలుపుకో.

నా పీజీలో పన్నెండు గేదెల దగ్గర రక్తం తీశాను. నలుగురం కలిసి ట్రావిస్‌లోకి, అంటే పశువు కదలకుండా నిలబెట్టే కమ్మీల చట్రంలోకి తోసి, అవి రొప్పుతుండగానే సూది గుచ్చాం. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్, గ్లూకోజ్ రెండూ బాగా పెరిగి కనిపించాయి. ఎండ వల్లే అనుకుని చంకలు గుద్దుకున్నాను. మా గైడ్ గారు కాగితం చూసి, "ఇది ఎండను కొలిచిందా, నిన్ను చూసి పడ్డ భయాన్ని కొలిచిందా?" అన్నారు. మూడు నెలల పని గంగలో కలిసింది. పశువు బెదిరితే ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్రకణాలను రక్తంలోకి వదిలేస్తుంది. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, కూడా నమ్మడానికి లేకుండా పోతుంది.

కాబట్టి రోజూ ఒకే వేళకు వెళ్లు. వాటిని మేపే మనిషిని పక్కనే ఉంచుకో. ముందు దూరంగా నిలబడి డొక్క ఎగసిపడటం చూస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం నాకు నచ్చదు. తర్వాత ఎడమ డొక్కలో పిడికిలి ఆనించు. రూమెన్, అంటే మేత పులిసే పెద్ద పొట్ట, నిమిషానికి ఒకటి రెండు సార్లు చేతిని పైకి నెడుతుంది. థర్మామీటర్ ఆఖరున. అది పేడలో గుచ్చుకుంటే డిగ్రీ తక్కువ చూపిస్తుంది, పక్కకు వంచి పేగు గోడకు తగలనివ్వు. ఆ గేదె ఎప్పుడు నీళ్లలో పడుకుని లేచిందో కూడా రాయి. నల్ల తోలు, పల్చటి వెంట్రుకలు, చెమట గ్రంథులు ఆవుకంటే బాగా తక్కువ. చెరువే దానికి ఫ్యాను. అప్పుడే గట్టెక్కిన గేదెనూ, పొద్దుటి నుంచి కట్టేసిన గేదెనూ ఒకే పట్టికలో వేస్తే ఆ పట్టికకు అర్థం లేదు.

రక్తం తీసే వంతు వచ్చినప్పుడు వయల్ మూత రంగు చూసుకో. రక్తం గడ్డకట్టకుండా వయల్‌లో వేసే ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, ఆ ప్లాస్మాలో కాల్షియం చూడకూడదు. గ్లూకోజ్‌కు ఫ్లోరైడ్ వయల్ వాడు. లేకపోతే నువ్వు ల్యాబ్ చేరేలోపు కణాలే కొంత తినేస్తాయి. రూమెన్ ద్రవం గొట్టంతో తీస్తే మొదట వచ్చింది పారబోయి. అందులో లాలాజలం కలిసి పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది. మిగతాది వేడి నీళ్లతో వెచ్చబెట్టి వంపేసిన థర్మాస్‌లో పోసుకో.

మూగ ఎద, అంటే లక్షణాలు బయటపడని ఎద, కూడా చూస్తానన్నావు. అయితే అండాశయాల కోసం కబేళాకు వెళ్లక తప్పదు. మొదటి రోజు కడుపులో తిప్పుతుంది, అందరికీ అంతే. గేదె అండాశయం ఆవుదానికంటే చిన్నది. అండం విడుదలయ్యాక ఏర్పడే గడ్డ, కార్పస్ లూటియం, చాలాసార్లు లోపలికి పూడుకుపోయి ఉంటుంది. చేతికి తగల్లేదని లేదని రాసేయకు, కోసి చూడు. దాచే ముక్కలు అరసెంటీమీటరు మందం దాటకూడదు, కుళ్లకుండా పదింతల ఫార్మలిన్ పోయాలి. లడ్డూలా ముద్దగా వేస్తే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. ఆ వాసన నేను మర్చిపోలేదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రానిదే ఒక్క పశువునూ ముట్టుకోకు. తర్వాత తెచ్చుకోవచ్చులే అనే సీనియర్ల మాట వినకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నోట్‌బుక్ పట్టుకురా. ఫెయిర్ కాపీ వద్దు. పేడ మరకలున్నది తీసుకురా, కూర్చుని చూద్దాం.

నీ పెదనాన్న