యాంటీబయాటిక్ కంపెనీలో చేరేముందు గ్రాంటు ఎన్నాళ్లుందో అడగండి

ప్రశ్న: విశాఖలో ఏయూ నుంచి ఎం.ఫార్మసీ చేసి, పరవాడ ఫార్మా సిటీలో మూడేళ్లు క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్) పనిచేశాను. ఇప్పుడు బోస్టన్‌లో ఎం.ఎస్. ఆఖరి సెమిస్టర్. మందులకు లొంగని బ్యాక్టీరియా మీద కొత్త యాంటీబయాటిక్స్ కనిపెట్టే చోట పనిచేయాలనుంది. ఈ రంగంలో ఫండింగ్ బోలెడుందంటున్నారు. నాకేమైనా గ్రాంటు వస్తుందా?

జవాబు: ఫండింగ్ ఉన్న మాట నిజమే, కానీ నేరుగా మీ చేతికి రాదమ్మా. మీ ఊళ్లోనే, బోస్టన్ యూనివర్సిటీలో, ఇలాంటి మందులు కనిపెట్టే కంపెనీలకు గ్రాంట్లిచ్చే సంస్థ కార్బ్-ఎక్స్ 2016 నుంచి నడుస్తోంది. ఏ దేశపు కంపెనీ అయినా అప్లై చేయొచ్చు, బెంగళూరు కంపెనీ బగ్‌వర్క్స్‌కీ ఇచ్చారు. అయితే ఆ డబ్బు ప్రాజెక్టుకి, మనిషికి కాదు. పెద్ద ఫార్మా కంపెనీలు కలిసి 2020లో దాదాపు వంద కోట్ల డాలర్లతో పెట్టిన ఏఎంఆర్ (బ్యాక్టీరియా మందులకు లొంగకపోవడం) యాక్షన్ ఫండ్‌దీ అదే లెక్క. కాబట్టి వాళ్లు ఏ కంపెనీలకు డబ్బిచ్చారో వెబ్‌సైట్లలో చూసి, ఆ జాబితా పట్టుకుని ఉద్యోగం వెతకండి. కొత్తగా గ్రాంటు వచ్చినవాళ్లకే మనుషుల అవసరం ఉంటుంది.

ఇక జాగ్రత్త పడాల్సిన సంగతి. అకావోజెన్ అనే కంపెనీ ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కి 2018 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకుంది. 2019 ఏప్రిల్‌కల్లా దివాలా తీసింది. మందు పనిచేయక కాదు. కొత్త యాంటీబయాటిక్‌ని డాక్టర్లు ఆఖరి అస్త్రంగా దాచిపెడతారు. వాడినా కొన్ని రోజులే. బీపీ మాత్రలా రోజూ మింగేది కాదు కదా, అమ్మకాలెక్కడివి? ఈ చిక్కు తెలిసే బ్రిటన్ 2022 నుంచి రెండు మందులకు, ఎంత వాడారన్నదానితో పని లేకుండా, ఏటా ఇంతని చెల్లించడం మొదలుపెట్టింది.

ఇందులో మీకేం టెన్షన్ అంటారా? వీసా. ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకోనిచ్చే అనుమతి) మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది 90 రోజులు, సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే అంతా కలిపి 150. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. అందుకని ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: చేతిలో డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది? గ్రాంటు తర్వాతి విడత దేనిమీద ఆధారపడి ఉంది? ఈ గ్రాంట్లు దశలవారీగా వస్తాయి, అనుకున్న ఫలితం రాకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. ఈ ప్రశ్నకి చిన్నబుచ్చుకునే కంపెనీ అయితే నా మటుకు నేను చేరను. ఉద్యోగికి పనిచేసే అనుమతి ఉందో లేదో కంపెనీలు సరిచూసుకునే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో ఉన్నారా అన్నది కూడా ముందే కనుక్కోండి. లేకపోతే మీకు స్టెమ్ పొడిగింపు రాదు, చిన్న స్టార్టప్‌లు చాలామంది ఆ ఊసే ఎత్తరు. యూనివర్సిటీ ల్యాబ్‌లో జీతం తక్కువే గానీ, హెచ్-1బీకి లాటరీ బెడద ఉండదు.

పరవాడ అనుభవాన్ని రెజ్యూమేలో ఓ మూలకి నెట్టేయకండి. మనవాళ్లు ప్లాంటు పనంటే పరిశోధన కాదని చిన్నచూపు చూస్తారు. ఇక్కడి చిన్న కంపెనీల్లో బ్యాక్టీరియాని పెంచి మందు ఏ మోతాదులో ఆపుతోందో చూసేవాళ్లు ఉంటారు. కానీ మందులో ఏమేం కలిసున్నాయో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో కనిపించిన కొత్త పీక్ ఏ ఇంప్యూరిటీదో (మలినానిదో) తేల్చేవాళ్లు, స్టెబిలిటీ డేటా (మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందన్న లెక్కలు) చూసి ఓఓఎస్‌కి, అంటే నిర్ణీత ప్రమాణాలు దాటిన ఫలితానికి, కారణం పట్టుకునేవాళ్లు దొరకడమే కష్టం. మీరు చేసిన ఓఓఎస్ దర్యాప్తు ఒకటి, కూర్చున్న ఎఫ్‌డీఏ ఆడిట్ ఒకటి, ప్రొడక్ట్ పేరు చెప్పకుండా రెండేసి వాక్యాల్లో రాయండి.

సొంత పేరున గ్రాంటు కావాలంటే పీహెచ్‌డీ తప్పదు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే ఎఫ్31 ఫెలోషిప్ సిటిజన్లకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ దశలో ఇచ్చే కె99 గ్రాంటుకి ఆ నిబంధన లేదు.

విశాఖలోనే ఉన్న మీ స్నేహితులెవరైనా అడిగితే యూరప్‌లో ఈయూ డబ్బుతో పీహెచ్‌డీ చేయించే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు చూడమనండి. ఏ దేశస్థులైనా అర్హులే, ఫీజు కట్టడం కాదు, జీతమే ఇస్తారు. కాకపోతే పోస్టు ఉన్న దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదు. ముందు అక్కడ రెండేళ్ల మాస్టర్స్‌కి వెళ్లి, అది అవగానే చూద్దామనుకుంటే, ఆ దేశంలో ఈ దారి మూసుకుపోతుంది.