రాత్రి చుక్కలు చూసి పడుకో

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ నాన్న ఫోన్ చేశాడు. జీడిమామిడి పూత గురించీ, బీపీ మాత్రల గురించీ అరగంట మాట్లాడి, పెట్టేసే ముందు "అన్నయ్యా, అమ్మలు కాశ్మీరులో గుల్‌మార్గ్ వెళ్తోందట, స్కీయింగ్‌కి" అన్నాడు. ఎప్పుడురా అంటే మార్చి ఆఖర్న వెళ్లి ఏప్రిల్ మొదటి వారంలో వస్తుందన్నాడు. ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎవరికేమైందోనని మీ పెద్దమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఎవరికీ ఏమీ కాలేదు. నౌపడా ఉప్పు మళ్ల పక్కన పుట్టి, మొదటిసారి మంచు చూసినప్పుడు చిటికెడు నోట్లో వేసుకుని "ఉప్పగా లేదే" అనుకున్నవాణ్ణి నేను. గవర్నమెంటు పంపిస్తే వెళ్లాను. నువ్వు నీ జీతం డబ్బుతో, సరదా కోసం వెళ్తున్నావు. పొద్దున్న టీ కొట్టు దగ్గర ముగ్గురికి చెప్పాను కూడా. కానీ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అంటావు, ఏదీ బుర్రకెక్కదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ అన్నయ్య ఫోటో తీసి పంపుతాడు.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. నీ ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లు. గండోలా, అంటే కొండ మీదికి తాడు మీద నడిచే కేబుల్ కారు, దాని టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కో. ఒక్క లావు స్వెట్టరు కాదు, పల్చటివి మూడు వేసుకో, ఎండెక్కేకొద్దీ ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు. అద్దె బూట్లు వేసుకుని పది నిమిషాలు నడిచి చూడు, మడమ లేస్తుంటే వేరేవి అడుగు. హెల్మెట్ పెట్టుకో. నీళ్లు తాగు. పెదాలకి ఏదైనా రాసుకో. ఇవన్నీ నీకు తెలుసు. పోయినేడు ఔలీలో నాలుగు రోజులు నేర్చుకున్నావట కదా.

ఆ నాలుగు రోజులే నా భయం. ఏమీ రానివాడు జాగ్రత్తగా ఉంటాడు, బాగా వచ్చినవాడూ జాగ్రత్తగానే ఉంటాడు. పైగా నువ్వు జనవరిలో చూసిన మంచు వేరు, ఇప్పుడు చూడబోయేది వేరు. కాశ్మీరు వాళ్లు చలిని లెక్కపెట్టి పేర్లు పెట్టారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన పది రోజులు చిల్లై బచ్చా. నువ్వు దిగేసరికి మూడూ అయిపోయి, వాళ్ల భాషలో సోంత్, అంటే వసంతం వచ్చేసి ఉంటుంది. శ్రీనగర్ నుంచి వచ్చే దారిలో ఆవాలు పసుపచ్చగా పూస్తుంటాయి. టాంగ్‌మార్గ్ దాటి పైకెక్కితే మళ్లీ మంచు. అక్కడ ఒక్క రోజులోనే మూడు కాలాలు నడుస్తాయి. పొద్దున్న మంచు బండరాయిలా ఉంటుంది, స్కీ అంచు దిగదు, పడితే మోచేతులు దోక్కుపోతాయి. పది గంటల వేళకి పైపొర కరిగి గల్లుప్పులా గింజ కడుతుంది. కార్న్ స్నో అంటారు, మొక్కజొన్న గింజలట. నేను మాత్రం మన ఉప్పే అంటాను. అమ్మలూ, ఆ గంటా రెండు గంటలు స్వర్గం. కాలు ఎటు చెబితే అటు తిరుగుతుంది. మధ్యాహ్నం దాటితే అదే మంచు తడి సిమెంటు అవుతుంది. స్కీ అందులో ఇరుక్కుంటుంది, ఒళ్లు ముందుకి పోతుంది. మోకాళ్లు పోయేది అప్పుడే.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. మా ఉస్తాద్ నేర్పాడు. రాత్రి పడుకునే ముందు బయటికొచ్చి ఆకాశం చూడు. చుక్కలు బాగా కనిపిస్తుంటే, పగలు మంచు పట్టుకున్న వేడి అంతా రాత్రి ఆకాశంలోకి పోతుంది. తెల్లారేసరికి గట్టిగా గడ్డకడుతుంది, ఆ పొద్దు నీది. రాత్రంతా మబ్బు కమ్మి ఉంటే అది దుప్పటి కప్పినట్టే, వేడి పోదు, మంచు గడ్డకట్టదు. పొద్దున్నే కుళ్లిన కొబ్బరిలా ఉంటుంది, చూడటానికి తెల్లగా, తొక్కితే లోపలికి. ఆ రోజు పైకి వెళ్లొద్దు. హోటల్లో కూచుని నూన్ చాయ్ తాగు. గులాబీ రంగులో ఉంటుంది, ఉప్పు వేస్తారు. మొదటి గుక్క నీకు నచ్చదు.

పైకి అంటే, నువ్వు గండోలా రెండో అంచె, ఫేజ్ టూ, ఎక్కుతావని కూడా విన్నాను. మా రోజుల్లో గండోలా లేదు. స్కీల కింద వెనక్కి జారకుండా పట్టే పట్టీలు, స్కిన్లంటారు, అవి కట్టుకుని పొద్దుటినుంచి ఎక్కితే, దిగడానికి ఒక్కసారే ఓపిక ఉండేది. మొదటి ఫేజ్, కొంగ్‌డోరి దాకా, 1998లో వచ్చింది. రెండోది 2005లో. అది ఇంచుమించు 3,950 మీటర్ల ఎత్తులో అఫర్‌వట్ కొండ భుజం మీద దింపేస్తుంది. కాసేపట్లో పైనుంటావు, ఊపిరి మాత్రం కిందే ఉండిపోతుంది. అక్కడ ఔలీలోలాగా మెషిన్ నున్నగా దువ్విపెట్టిన వాలు ఉండదు. మొదటి మూడు రోజులు కొంగ్‌డోరి దాటొద్దు. తర్వాత కూడా గైడ్ లేకుండా, వాలు మీద కాపలా తిరిగే స్కీ పెట్రోల్ వాళ్లని అడగకుండా కదలొద్దు. వాళ్లు కట్టిన తాడు అవతల ఎవరివో స్కీ గుర్తులు అందంగా కనిపిస్తాయి. కనిపించనీ.

వాలు మీద మంచు బంతులు వాటంతటవే దొర్లుతుంటే, కాలు పిక్కల దాకా దిగిపోతుంటే, ఎండ ఎంత బాగున్నా ఆ రోజు ఆట అయిపోయినట్టే. తడిసిన మంచు చరియ పొడి మంచు చరియ అంత వేగంగా రాదు, కానీ చాలా బరువుగా వచ్చేస్తుంది. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్‌లో అవలాంచ్, అంటే మంచు చరియ, వచ్చి, ట్రైనింగ్‌లో ఉన్న 17 మంది సైనికులు పోయారు. అప్పటికి నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. టీవీలో ఆ వాలు చూపించారు. నేను ఎక్కిన వాలే. ఆ రోజు మీ పెద్దమ్మ టీవీ కట్టేసింది.

సరే. అసలు రాద్దామనుకున్నది ఇంకా రాయలేదు.

నీ సామాను ఫోటో మీ అన్నయ్య చూపించాడు. జాకెట్టు బాగుంది. కళ్లకి మాత్రం ఫ్యాషన్ అద్దాలు పెట్టావు, పక్కలు తెరిచి ఉన్నవి. అవి ట్యాంక్‌బండ్ మీద పెట్టుకో.

1987 మార్చి ఆఖర్లో అక్కడ నా స్కీయింగ్ కోర్సు ముగియడానికి వారం ఉంది. ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు. వానా మంచూ కలిసి పడుతోంది. గాగుల్స్ మీద తడి, లోపల ఆవిరి. రెండు మూడు సార్లు తుడుచుకుని, విసుగొచ్చి టోపీ మీదకి నెట్టేశాను. ఎండే లేనప్పుడు అద్దాలెందుకు అని. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్ని నూటికి ఎనభై వంతుల దాకా తిప్పి కొడుతుందని, పల్చటి మబ్బు వాటిని ఆపలేదని, వెయ్యి మీటర్లు ఎక్కితే మరో పది శాతం పెరుగుతాయని క్లాసులో చెప్పారు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. మీ తాత అయితే క్లాసుల్లేకుండానే చెప్పాడు. ఉప్పు మడిలో తువ్వాలు కనుబొమల కిందికి లాక్కుని, "తెల్లటి దాన్ని తలెత్తి చూడకురా" అనేవాడు. ఇద్దరి మాటా వినలేదు. తొమ్మిదింటి నుంచి మూడింటి దాకా వట్టి కళ్లతో తిరిగాను. కళ్లు చికిలించాల్సిన పని కూడా పడలేదు. సాయంత్రం రొట్టె, పప్పు తిని హాయిగా పడుకున్నాను.

అర్ధరాత్రి మెలకువ వచ్చింది. గది వెచ్చగా ఉంచే బుఖారీ పొయ్యి పొగ అనుకున్నాను. కాదు. కళ్లలో ఇసకా కారం కలిపి పోసినట్టుంది. రెప్ప తెరవలేను, మూయలేను. నీళ్లు ధారగా కారి చెవుల్లోకి పోతున్నాయి. అంతే, గుడ్డివాణ్ణి అయిపోయాననుకున్నాను. ఇరవై ఆరేళ్లు నాకు. నీ వయసే. పొద్దున్నే ఏదో ఆయింట్‌మెంట్ రాసి, దూది పెట్టి రెండు కళ్లకీ కట్టు కట్టారు. తగ్గిపోతుందన్నారు. నేను నమ్మలేదు.

రెండో రోజు రోడ్డు తెరుచుకుని ట్రక్కు వచ్చింది, అందులో టపా. పక్క మంచం గఢ్వాలీ హవల్దారు నా చేతిలో ఇన్‌లాండ్ లెటర్ పెట్టాడు. మీ నాన్న రాసింది. మీ నాన్న బాల్‌పెన్ను ఎంత నొక్కి రాస్తాడో నీకు తెలుసుగా, వెనకవైపు బొటనవేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి. తగులుతున్నాయి కానీ ఏమిటో తెలియదు. ఆ బ్యారక్‌లో తెలుగు చదివేవాడు నేనొక్కణ్ణే. "చాలా రాశాడా?" అని గఢ్వాలీని అడిగాను. "రెండు వైపులా. మధ్యలో 140 అని అంకె వేసి కింద గీత గీశాడు" అన్నాడు. నూట నలభై. ఉప్పు బస్తాల లెక్క అనుకున్నాను. ఈసారి పంట బాగుందన్నమాట అని సంతోషించాను కూడా. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

మూడో రోజు సాయంత్రం కట్టు విప్పారు. దీపం చుట్టూ ఇంకా రంగులు కనిపిస్తూనే ఉన్నాయి, అయినా ముందు ఉత్తరం తీశాను. "అన్నయ్యా, డిగ్రీ పరీక్ష ఫీజు 140 రూపాయలు. అపరాధ రుసుము కూడా కలిపాను. సోమవారం లోగా కట్టాలి. అమ్మ గాజులు ఇస్తానంటోంది, నేనే వద్దన్నాను, నువ్వు పంపుతావని చెప్పాను." ఆ రోజు మంగళవారం.

మర్నాడు పొద్దున్నే టెలిగ్రాఫిక్ మనియార్డరు చేయించాను. అది దేనికీ పనికిరాలేదు. ఆ ఏడాది మీ నాన్న పరీక్ష రాయలేదు, ఉప్పు తట్టలు మోశాడు. ఎడమ భుజం మీద మచ్చ గురించి నీకేం చెప్పాడో నాకు తెలియదు. ఈ సంగతి మాత్రం చెప్పి ఉండడు. నేను జరిగిందంతా రాస్తే, వచ్చిన జవాబులో ఫీజు మాటే లేదు. "కళ్లు జాగ్రత్త" అని రాసి, కింద గీత గీశాడు.

అందుకని, పక్కలు పూర్తిగా మూసుకునే స్కీ గాగుల్స్ కొనుక్కో. మబ్బు రోజులకి పసుపు రంగు అద్దం, ఎండకి ముదురుది, రెండూ అమ్ముతారు. ఆవిరి పడితే ఆగి, నీడకి తిరిగి, తుడుచుకుని పెట్టుకో. ఫోటో కోసం కూడా తియ్యకు. నీ ముఖం ఎలా ఉంటుందో మాకు తెలుసు. సన్‌స్క్రీను గడ్డం కిందా, ముక్కు కిందా కూడా రాసుకో, ఎండ అక్కడ కిందినుంచి కొడుతుంది.

వాతావరణం మాట ఒకటి మిగిలింది. ఆ నెలల్లో పడమటి నుంచి అలజడులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పొద్దున్న నీలంగా ఉన్న ఆకాశం రెండింటికల్లా నల్లబడుతుంది. కింద గుల్‌మార్గ్‌లో వాన పడుతుంటే పైన మంచు పడుతుంది, గాలి ఎక్కువైతే గండోలా ఆపేస్తారు. ఆపేశారని వాళ్లతో పోట్లాడకు. ఉరుము వినపడితే గట్టు మీద నిలబడకు, వెంటనే దిగిపో. మధ్యాహ్నం భోజనం వేళకి కిందుండేలా చూసుకో. "ఇంకొక్కసారి" అని మీ ఫ్రెండ్స్ అంటారు. కాలు నొప్పి అని చెప్పు. అబద్ధం చెప్పమని నేనే చెప్పానని మీ నాన్నకి చెప్పకు.

మీ పెద్దమ్మ కంది పొడి, జంతికలు డబ్బాలో పెట్టి పంపుతోంది. బరువని హైదరాబాదులో వదిలేసి వెళ్లకు. గాగుల్స్‌కి నీ అకౌంట్లో డబ్బులు వేయించాను. వద్దని తిప్పి పంపితే ఊరుకోను.

అక్కడున్నన్నాళ్లూ రాత్రి ఒక్కసారి బయటికొచ్చి పైకి చూసి, చుక్కలు ఉన్నాయో లేవో మెసేజ్ పెట్టు. "ఉన్నాయి", "లేవు", ఒక్క ముక్క చాలు. నేను పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న