రేకు ముక్కతో పాసయ్యే పరీక్ష కాదు

మొన్న సిరిమానుకి విజయనగరం వచ్చినప్పుడు మా మేనల్లుడు పక్కన చేరాడు. జనవరిలో కాలిఫోర్నియాలోని శాన్ హోసేకి ఎమ్మెస్‌కి వెళ్తున్నాడు. వీసా, రూమ్, పచ్చళ్ళ కబుర్లు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"మావయ్యా, అక్కడ సీనియర్ ఒకడు 2007 కారు అమ్ముతున్నాడు. మూడు వేల డాలర్లంట. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది గానీ అదేదో ఈజీఆర్ అట, చిన్నదే అంటున్నాడు. తీసేసుకోనా?"

ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇదే అడుగుతారు. ఈసారి రాసి పెట్టేస్తే సరిపోతుందనిపించింది.

ముందు డబ్బు సంగతి. కాలిఫోర్నియాలో పాత కారు చేతులు మారాలంటే స్మాగ్ సర్టిఫికెట్, అంటే కారు పొగ పరీక్ష పాసైందన్న కాగితం, కావాలి. అది తెచ్చి ఇవ్వాల్సింది అమ్మేవాడు, కొనేవాడు కాదు. అదీ గత 90 రోజుల్లో తీసినదై ఉండాలి. "నువ్వే చేయించుకో, రెండొందలు తగ్గిస్తాను" అన్నాడంటే అది పాసవదని వాడికి తెలుసన్నమాట. డబ్బిచ్చేశాక కారు ఫెయిలైతే రిజిస్ట్రేషన్ నీ పేరు మీదకి రాదు. కారు నీ ఇంటి ముందే ఉంటుంది, కాగితాల్లో మాత్రం వాడిదే.

ఇక ఈజీఆర్. ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్ అని పెద్ద పేరు గానీ పని చిన్నదే. ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకే పంపడం. మా అమ్మ కట్టెల పొయ్యిలో నిప్పు మరీ రేగితే పైన కాస్త బూడిద కప్పేది. నివురు కింద నిప్పు ఆరదు, మంట మాత్రం అణుగుతుంది. ఇదీ అంతే. ఒకసారి కాలిన పొగ మళ్ళీ కాలదు, ఊరికే చోటు ఆక్రమించి వేడి తాగుతుంది. సిలిండర్‌లో వేడి సుమారు 1370 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు జోరుగా తయారవుతాయి. ఎండలో పొగమంచులా కమ్మే స్మాగ్‌కి ఒక ముఖ్య మూలం అవే. వేడి తగ్గితే అవీ తగ్గుతాయి. అమెరికా కార్లలో 1970ల మొదటి నుంచీ ఈ ఏర్పాటు ఉంది.

మన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. మా ఊళ్ళో ఒక షెడ్డులో అన్నయ్య డీజిల్ బండి చూపిస్తే మేస్త్రీ, "ఏటుంది బాబూ, ఆ ఈజీఆర్‌కి ఓ రేకు ముక్క యేసేద్దాం, పికప్ సూడండి" అన్నాడు. వేశాడు. పొగ తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. పికప్ పెరిగిందనే అన్నయ్య అంటాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా దర్జాగా వచ్చింది. వస్తుంది మరి. మన దగ్గర డీజిల్ బండికి చూసేది పొగ ఎంత నల్లగా ఉందన్నదే, పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, అవి కూడా బండిని నిలబెట్టి. నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే లేదు. పైగా డీజిల్‌లో ఈజీఆర్ మూసేస్తే నల్ల పొగ ఇంకా తగ్గుతుంది. అంటే మేస్త్రీ అబద్ధం ఆడలేదు, ఆ పరీక్షకి ఆ రేకు చాలు. అక్కడి పరీక్షకి చాలదు.

నా మొదటి కారు సంగతి చెప్తాను. 2004లో కొన్నాను, 1993 మోడల్. అప్పట్లో కాలిఫోర్నియా పెద్ద ఊళ్ళ చుట్టుపక్కల కారుని రోలర్ల మీద ఎక్కించి, సైలెన్సర్ గొట్టంలో ప్రోబ్ దూర్చి పరీక్ష చేసేవారు. ఒకసారి గంటకి 15 మైళ్ళ వేగంతో, ఇంకోసారి 25తో, ఇంజిన్ మీద బరువు పెట్టి. 1976 నుంచి 1999 దాకా మోడళ్ళకి ఇప్పటికీ ఆ ప్రాంతాల్లో ఇదే పద్ధతి. నిలబెట్టి చూస్తే ఈజీఆర్ గుట్టు బయటపడదు, ఎందుకంటే స్లోలో, అంటే కారు కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, పొగని లోపలికి వదిలే ఈజీఆర్ వాల్వ్ మూసుకునే ఉంటుంది. కారు బరువు లాగుతున్నప్పుడే తెరుచుకోవాలి. నా రిపోర్టులో హైడ్రోకార్బన్లు పాస్, కార్బన్ మోనాక్సైడ్ పాస్, నైట్రోజన్ ఆక్సైడ్లలో ఒకటైన నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం పరిమితికి రెట్టింపు పైన.

పొగలోని విషవాయువులని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చేయమని ఆఫీసులో ఒకాయన. నేనూ టెన్షన్‌లో సరే అనుకున్నాను. మా వీధి చివర షెడ్డులో ఓ వియత్నాం పెద్దాయన ఉండేవాడు. బానెట్ ఎత్తి ఇంజిన్ స్లోలో పెట్టాడు. ఈజీఆర్ వాల్వ్‌కి ఉన్న సన్నటి రబ్బరు గొట్టం ఊడదీసి, చేతి పంపు తగిలించి నాలుగుసార్లు నొక్కాడు. వాల్వ్ తెరుచుకుంటే స్లోలో ఉన్న ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలట. నా ఇంజిన్ చలించలేదు. వాల్వ్ లోపలి కడ్డీ కదలడం అద్దంలో చూపించాడు. వాల్వ్ బాగానే ఉంది, దారే మూసుకుపోయింది. ఇంజిన్ చల్లారాక పైమూత విప్పితే పెన్సిల్ పట్టాల్సిన కన్నంలో సూది కూడా దూరేలా లేదు. గట్టి మసి, పొయ్యి గొట్టంలో పేరుకున్నట్టు. వైరు ముక్కతో పొడిచి, క్లీనర్ కొట్టి, కొత్త గాస్కెట్ వేశాడు. వారం తర్వాత పాసయ్యాను. కన్వర్టర్‌కి పెట్టబోయిన డబ్బు ఆ ఏడాది దసరాకి అమ్మకి పంపాను.

అయితే నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువైన ప్రతిసారీ ఈజీఆరే దోషి కాదు. కన్వర్టర్ నిజంగానే పోయుండొచ్చు, ఇంజిన్ వేడెక్కుతూ ఉండొచ్చు, పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువై ఉండొచ్చు. కానీ ఈజీఆర్ దారి మూసుకుపోతే తరచూ నాకింగ్ కూడా వినబడుతుంది, చిన్న ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్ళు డబ్బాలో గిలకొట్టినట్టు. అదే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే కథ తిరగబడుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణికి ఆగిపోతుంది, హైడ్రోకార్బన్లు పెరుగుతాయి.

మా వాడు చూస్తున్న 2007 కారుకి ఈ రోలర్లు ఉండవు. 2000 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లకి కేబుల్ తగిలించి కారు కంప్యూటర్‌నే అడుగుతారు. ఆ కంప్యూటర్ నడుస్తున్నప్పుడు తనే ఈజీఆర్ తెరిచి, పొగ వస్తోందా లేదా అని చూసుకుంటుంది. రాకపోతే పీ0401 అనే లోపం కోడ్ పెట్టి డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. లైటు వెలిగితే ఫెయిల్, పొగ ఎంత శుభ్రంగా ఉన్నా సరే. బానెట్ కింద కూడా చూస్తారు, రేకు కనబడితే అక్కడే ఫెయిల్.

"మరి కోడ్‌లు చదివే స్కానర్ ఉంటుంది కదా, దాంతో కోడ్ చెరిపేస్తే?" అన్నాడు మావాడు. ఊహించాను. కోడ్ చెరిపినా, బ్యాటరీ తీసి పెట్టినా కంప్యూటర్ తన పాత తనిఖీలన్నీ మరిచిపోతుంది. వాటిని రెడీనెస్ మానిటర్లంటారు. కాలిఫోర్నియాలో 2000 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లకి పెట్రోల్ ఆవిరి మానిటర్ ఒక్కటి తప్ప మిగతావన్నీ పూర్తయి ఉండాలి, ఈజీఆర్‌తో సహా. అవి పూర్తవడానికి ఊళ్ళోనూ హైవే మీదా రోజుల తరబడి నడపాలి. ఆ లోపు కోడ్ ఎలాగూ తిరిగొస్తుంది. 2010, ఆ తర్వాతి మోడళ్ళలో అయితే చెరిపినా పోని కోడ్ ఒకటి లోపల మిగులుతుంది, దాన్నీ చూస్తున్నారు. అందుకే కొనేటప్పుడు నువ్వే ఓ చవక స్కానర్ పట్టుకెళ్ళు. లైటు లేదు గానీ మానిటర్లన్నీ నాట్ రెడీ అని చూపిస్తే నిన్ననో మొన్ననో ఎవరో చెరిపారన్నమాట. ఆ కారు వద్దు. ఒకవేళ నిజంగా పీ0401 ఉన్నా, సగం ధరకి ఇస్తే ఆలోచించు. అప్పుడూ వాల్వ్ మార్చే ముందు దారులు శుభ్రం చేయించు. కొత్త వాల్వ్ వేసినా మసి అలాగే ఉంటే అదే కోడ్ మళ్ళీ వస్తుంది.

వేరే రాష్ట్రాలకి వెళ్ళేవాళ్ళకి ఇదంతా ఇలాగే ఉండదు. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్ వైపు పొగ పరీక్ష అలాగే ఉంది. ఫ్లోరిడాలో అసలు లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2020లో ఆపేశారు. అక్కడ కొన్న కారుతో తర్వాత కాలిఫోర్నియాకి మారితే మాత్రం రిజిస్ట్రేషన్‌కి స్మాగ్ చేయించాల్సిందే.

మావాడు అక్కడే కూర్చుని సీనియర్‌కి మెసేజ్ పెట్టాడు, "అన్నా, స్మాగ్ సర్టిఫికెట్ ఉందా?" అని. రెండు నీలం టిక్కులు పడ్డాయి. నేను విశాఖలో తిరుగు విమానం ఎక్కేదాకా జవాబు రాలేదు.