బుజ్జి కుక్కకు ఇంటి వంట: అన్నం, కోడిమాంసం ఉంటే చాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా పొమెరేనియన్‌కు నాలుగేళ్లు, బరువు 5 కిలోలు. రెండు నెలలుగా ప్యాకెట్ తిండి ముట్టడం లేదు గానీ, మేం తినే పప్పన్నం పెడితే గిన్నె ఖాళీ చేస్తున్నది. ఇకపై పూర్తిగా ఇంటి వంటే పెట్టాలనుకుంటున్నాం. ఎట్లా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అమ్మా, తిండి మార్చే ముందు దాని నోరు ఒకసారి చూపించండి. చిన్న జాతి కుక్కలకు పళ్ల మీద గార కట్టి చిగుళ్లు చెడిపోవడం చాలా ఎక్కువ. గట్టి గింజలు కొరకలేక మెత్తటి అన్నానికి అలవాటు పడిందేమోనని నా అనుమానం. మామునూరు పశువైద్య కళాశాల మీకు మరీ దూరమేమీ కాదు.

మనం తినేదే దానికి పెట్టడం వేరు, దానికోసం విడిగా వండడం వేరు. పప్పు పోపులోని ఎల్లిగడ్డ, పచ్చిపులుసులోని ఉల్లిగడ్డ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా వాటి విషగుణం పోదు. పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేయగలదు. నూనె, కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచే ప్రమాదం ఉంది. ఉడికిన ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి కనుక ఒక్కటి కూడా వేయకండి.

5 కిలోల ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 350 కేలరీలు కావాలి. తోలు తీసి ఉడికించిన మెత్తటి కోడిమాంసం 100 గ్రాములు, అన్నం 100 గ్రాములు, ఉడికిన సొరకాయో క్యారెట్టో కొద్దిగా, ఒక చిన్న చెంచా నూనె కలిపితే దాదాపు అంత శక్తి వస్తుంది. ఉప్పుకారాలు వద్దు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. 100 గ్రాముల కోడిమాంసంలో భాస్వరం 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, కాల్షియం 15 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది. ఈ లోటును పూడ్చుకోవడానికి శరీరం తన ఎముకల నుంచే కాల్షియాన్ని లాక్కుంటుంది కాబట్టి రక్తపరీక్షలో అంకె మామూలుగానే కనిపిస్తుంది, ఈలోగా దవడ ఎముక మెత్తబడుతుంది. కోడిగుడ్డు పెంకులను కడిగి, మరిగించి, ఆరబెట్టి మెత్తగా నూరిన పొడి రోజుకు ఒక గ్రాము, అంటే పావు చిన్న చెంచాకు కొంచెం తక్కువ కలిపితే సుమారు 380 మిల్లీగ్రాముల కాల్షియం అందుతుంది.

అయినా జింకు, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ వంటివి ఈ గిన్నెలో చాలవు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణపు పరిశోధకులు కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలను పరిశీలిస్తే, 95 శాతం వంటకాలలో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువని తేలింది. అందువల్ల ఖనిజ, విటమిన్ల పొడిని మీ కుక్కను చూసిన వైద్యుడి చేతనే రాయించుకోండి, మనుషుల మాత్రలు వేయకండి.

నోరు బాగుందని తేలాక, ఇప్పుడు తింటున్న పప్పన్నంలో ఈ వంటను మొదటి రెండు మూడు రోజులు పావు వంతు, తర్వాత సగం, ఆ పైన ముప్పావు వంతు కలుపుతూ పది రోజుల్లో పూర్తిగా మార్చండి. ఆ పప్పన్నంలో పోపు మాత్రం ఈ పూట నుంచే ఆపండి. విరేచనాలు మొదలైతే వెనుకటి మెట్టులోనే ఇంకొన్నాళ్లు ఉంచండి. వారానికోసారి తూకం వేయండి, ఎందుకంటే పావుకిలో తగ్గడం మనకు లెక్కలోకి రాదు గానీ దానికి ఒంటి బరువులో ఇరవయ్యో వంతు. అంతమేర తగ్గినా పెరిగినా గిన్నె కొలతను మార్చాలి.