కొత్త కారు ఇప్పుడే కొనాలా, కొన్ని నెలలు ఆగాలా?

ప్రశ్న: డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కు వచ్చి మూడు నెలలైంది. హెచ్-1బి వీసా మీద ఉద్యోగం. ఇంట్లో భార్య, ఏడాది పాప ఉన్నారు. ఆఫీసు 18 మైళ్ల దూరం. ఇంతవరకు సహోద్యోగి కారులో వెళ్లివస్తున్నాను గానీ, వచ్చే వేసవిలో ఆయన వేరే ఊరికి మారుతున్నారు. కొత్త టొయోటా కొరోలా గానీ హోండా సివిక్ గానీ తీసుకోవాలని ఉంది. స్నేహితుల్లో సగం మంది పాతది కొనుక్కోమంటున్నారు, మిగిలిన సగం మంది అప్పు ఎలాగూ ఇస్తారు కదా, కొత్తదే కొనమంటున్నారు. డీలరు నెలకు 470 డాలర్లు అవుతుందన్నాడు. మీరేమంటారు?

జవాబు: మీ స్నేహితులలో రెండు పక్షాలవారూ కారు గురించే వాదిస్తున్నారు గానీ, అప్పు గురించి ఎవరూ అడిగినట్టు లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు ఎంచుకున్న తరహా కారులో తప్పేమీ లేదు. నాకు నచ్చనిది డీలరు చెప్పిన ఆ 470 అనే అంకె.

కారు ధర, పన్ను, ఇతర రుసుములు కలిపి, మీరు చేతి నుంచి కట్టేది పోగా 24,000 డాలర్ల అప్పు మిగిలిందనుకుందాం. దానిని 6 శాతం వడ్డీతో 60 నెలలలో తీరిస్తే నెలకు 464 డాలర్లు పడుతుంది, మొత్తం వడ్డీ దాదాపు 3,840 డాలర్లు. అదే అప్పు 12 శాతం వడ్డీతో 72 నెలలకు తీసుకుంటే నెలకు 469 డాలర్లు అవుతుంది, వడ్డీ మాత్రం 9,780 డాలర్లు దాటుతుంది. నెల వాయిదాలో ఐదు డాలర్ల తేడాయే కనిపించింది గానీ, రెండో అప్పులో దాదాపు ఆరు వేల డాలర్లు అదనంగా పోయాయి. మీకు చెప్పిన 470 ఈ రెండింటిలో దేనికి దగ్గరో, ఎన్ని నెలలకో, ఎంత వడ్డీకో మీరు రాయలేదు. బహుశా అతనూ చెప్పి ఉండడు. అందుకే "నెలకు ఎంత కట్టగలరు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవద్దని నేను కొత్తగా వచ్చిన వారందరినీ బతిమాలుతుంటాను.

నేనూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాణ్ణే. ఇక్కడికి వచ్చిన ఎనిమిదో నెలలో మొదటి కారు కొన్నాను. అమ్మకందారు ఒక తెల్లకాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు గళ్లు చేశాడు. ఒకదానిలో ధర, ఒకదానిలో పాత కారు విలువ, ఒకదానిలో ముందుగా కట్టేది, చివరిదానిలో నెల వాయిదా రాశాడు. నాకు పాత కారు లేదు కాబట్టి ఆ గడిలో సున్నా చుట్టాడు. ఆ తరువాత గంటసేపు అతని కలం చివరి గడి చుట్టూనే తిరిగింది, నా చూపు కూడా అక్కడే ఉండిపోయింది. సంతకాల గదిలో, బ్యాంకు అప్పు ఇవ్వాలంటే అదనపు వారంటీ తప్పనిసరి అన్నారు, నమ్మాను. నెల తరువాత ఆఫీసులో పెద్దాయన ఒకరు నా ఒప్పంద పత్రం చదివి, అది తప్పనిసరి కానే కాదనీ, దాని ఖరీదు 1,900 డాలర్లు నా అప్పులోనే కలిపేశారనీ చూపించారు. ఉత్తరం రాసి రద్దు చేయించుకున్నాను. అయితే తిరిగి వచ్చిన డబ్బు నా చేతికి రాలేదు, బ్యాంకుకు వెళ్లి అసలులో జమ అయింది. నెల వాయిదా ఒక్క సెంటు కూడా తగ్గలేదు, చివరి కొన్ని నెలల వాయిదాలు మాత్రం తప్పాయి.

ఇక మీ వడ్డీ రేటు సంగతి. భారతదేశంలో మీ సిబిల్ స్కోరు ఎంత గొప్పగా ఉన్నా, సాధారణంగా ఇక్కడి బ్యాంకు దానిని చూడదు. సిబిల్ లాంటిదే ఇక్కడి ఫైకో స్కోరు, అది 300 నుంచి 850 వరకు ఉంటుంది, అది పుట్టాలంటే మీ పేరిట కనీసం ఒక ఖాతా ఆరు నెలల పాటు నడిచి ఉండాలి. మీరు దిగిన వెంటనే క్రెడిట్ కార్డు తీసుకుని ఉంటే మరో మూడు నెలలలో మీకు స్కోరు వస్తుంది. తీసుకోకపోతే ఈ వారమే తీసుకోండి. మామూలు కార్డు ఇవ్వకపోతే, కొంత డబ్బు డిపాజిట్‌గా పెట్టించుకుని ఇచ్చే కార్డు తీసుకుని, నెలనెలా కొద్దిగా వాడి, బిల్లు మొత్తం గడువులోగా కట్టేయండి. స్కోరు లేనివాడికి అప్పు దొరకదని కాదు, దొరుకుతుంది. కానీ అది స్కోరు ఉన్నవాడికి దొరికే రేటుకు దొరకదు. వేసవి వరకు మీకు సమయం ఉంది గనుక, ఆ ఆరు వేల డాలర్ల తేడాలో అధిక భాగాన్ని కేవలం ఆగడం ద్వారానే మిగుల్చుకోవచ్చు.

ఎవరైనా బంధువు తోడు సంతకం పెడతానంటే కూడా తొందరపడవద్దు. ఇక్కడ తోడు సంతకం అంటే మాట సాయం కాదు, మీరు కట్టకపోతే పూర్తి అప్పు ఆయన నెత్తిన పడుతుంది, మీరు ఆలస్యంగా కట్టినా ఆయన స్కోరు కూడా దెబ్బతింటుంది. బావగారితో మాటలు ఆగిపోయిన కుటుంబాలను నేను చూశాను.

ఇప్పుడు కొత్తదా, పాతదా అన్న మాట. పాతది ఎప్పుడూ చౌక అన్నది ఖరీదైన కార్ల విషయంలో నిజమేమో గానీ, కొరోలా, సివిక్ వంటి వాటి విషయంలో అంత సులువుగా ఒప్పుకోలేను. వీటికి గిరాకీ ఎక్కువ, మన్నిక ఎక్కువ, అందువల్ల రెండు మూడేళ్ల తరువాత కూడా ధర పెద్దగా పడిపోదు. పైగా పాత కార్ల అప్పుకు వడ్డీ ఎక్కువ వేస్తారు, వారంటీలో మిగిలిందీ తక్కువే. టొయోటా, హోండాలు కారు మొత్తానికి 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు, ఇంజన్, గేర్‌బాక్సులకు 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల వారంటీ ఇస్తాయి. హ్యుందాయ్ ఇంజన్, గేర్‌బాక్సులకు 10 ఏళ్లు లేదా లక్ష మైళ్లు ఇస్తుంది, కానీ ఆ పదేళ్ల మాట మొదటి యజమానికే వర్తిస్తుంది. అంటే పాత హ్యుందాయ్ ఎలాంట్రా కొన్నవాడికి ఆ గొప్ప వారంటీ పూర్తిగా దక్కదు. రెండేళ్ల వాడకం, 30,000 మైళ్లు తిరిగిన కొరోలా కొత్తదానికంటే రెండు మూడు వేల డాలర్లే తక్కువకు దొరికితే, నేను కొత్తదే కొంటాను. ఏడెనిమిదేళ్ల కారును పూర్తిగా నగదుతో కొనగలిగితే అది వేరే లెక్క. అప్పుడు అప్పూ లేదు, వడ్డీ లేదు, నమ్మకమైన మెకానిక్‌కు ముందుగా చూపించి కొనుక్కోండి.

టెక్సస్‌లో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడి చట్టం ప్రకారం కార్ల దుకాణాలు శని, ఆదివారాలలో ఏదో ఒక రోజే అమ్మకాలు జరపాలి, అందువల్ల దాదాపు అన్నీ ఆదివారం మూసి ఉంటాయి. ఆదివారం పొద్దున కుటుంబంతో వెళ్లి, వెనకాల ఎవరూ పడకుండా, ఆరుబయట నిలిపిన కార్లను తీరికగా చూసుకోవచ్చు. ప్రతి కొత్త కారు కిటికీ అద్దానికి ఒక పెద్ద కాగితం అతికించి ఉంటుంది. 1958 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అది తప్పనిసరి. కంపెనీ ధర, అదనపు హంగుల ధరలు, రవాణా ఖర్చు, కారు ఎక్కడ తయారైందీ అన్నీ అందులో ఉంటాయి. ఫోనులో ఫోటో తీసుకోండి. ముందు అద్దం కింద, డ్రైవరు వైపు మూలన కనిపించే 17 అక్షరాల సంఖ్యలో మొదటి అక్షరాన్ని కూడా చూడండి. 1, 4, 5 ఉంటే అమెరికాలో, 2 ఉంటే కెనడాలో, 'జె' ఉంటే జపాన్‌లో, 'కె' ఉంటే కొరియాలో తయారైనట్టు.

ఇది కాలక్షేపానికి చెప్పడం లేదు. 2025 నుంచి 2028 వరకు, అమెరికాలో తుది రూపు దిద్దుకున్న కొత్త కారు కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీని ఏడాదికి 10,000 డాలర్ల వరకు పన్ను లెక్కలో ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. ఒంటరివారికి లక్ష డాలర్లు, దంపతులు కలిపి దాఖలు చేస్తే రెండు లక్షల డాలర్ల ఆదాయం దాటాక ఈ వెసులుబాటు క్రమంగా తగ్గిపోతుంది. మామూలు కొరోలా సెడాన్ మిసిసిపీలోని బ్లూ స్ప్రింగ్స్‌లో తయారవుతుంది, హ్యాచ్‌బ్యాక్ జపాన్ నుంచి వస్తుంది. సివిక్‌లు కొన్ని ఇండియానాలోవి, కొన్ని కెనడాలోవి. పేరు ఒకటే అయినా పక్కపక్కన నిలిచిన రెండు కార్లకు పన్ను లెక్క వేరు కావచ్చు. అయితే తగ్గేది పన్ను వేసే ఆదాయమే, పన్ను కాదు. ఈ మినహాయింపు ఉంది కదా అని ఎక్కువ వడ్డీకి ఒప్పుకోవద్దు.

కారు ఎంపిక మీద నేను ఎక్కువ చెప్పను, ఈ తరగతిలో నిజంగా చెడ్డ కారు దొరకడం కష్టం. మీ ఇంటికి పనికొచ్చే పరీక్షలు మాత్రం రెండున్నాయి. పాప కుర్చీని తీసుకువెళ్లి, వెనక్కి తిరిగి ఉండేలా వెనుక సీటులో బిగించి, ఆ తరువాత మీరు ముందు సీటులో కూర్చుని చూడండి. చిన్న కార్లలో ఆ కుర్చీ కోసం ముందు సీటును బాగా ముందుకు జరపవలసి వస్తుంది, పొడుగైన వాళ్లకు మోకాళ్లు డాష్‌బోర్డుకు తగులుతాయి. రెండోది డిక్కీ. మీ అమ్మానాన్నలు వచ్చేటప్పుడు 23 కిలోల పెట్టెలు నాలుగు తెస్తారు, కొరోలా డిక్కీలో పెద్ద పెట్టెలు రెండే సుఖంగా పడతాయి. కానీ ఏడాదికి రెండుసార్లు విమానాశ్రయానికి వెళ్లడం కోసం ఐదేళ్లూ పెద్ద ఎస్‌యూవీ వాయిదాలు కట్టడం నాకు సబబుగా తోచదు. ఆ రోజు పెద్ద బండిని అద్దెకు తీసుకోండి, ఆవకాయ సీసాలు సురక్షితంగా ఇల్లు చేరతాయి.

హైబ్రిడ్ గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారు. రోజుకు 36 మైళ్లు, నెలకు 22 రోజులంటే దాదాపు 790 మైళ్లు. మామూలు కొరోలా గ్యాలనుకు సుమారు 35 మైళ్లు, అంటే లీటరుకు దాదాపు 15 కిలోమీటర్లు ఇస్తుంది, హైబ్రిడ్ 50 మైళ్ల దాకా ఇస్తుంది. గ్యాలను మూడు డాలర్లనుకుంటే నెలకు మిగిలేది 20 డాలర్లే. హైబ్రిడ్ ధర 1,500 డాలర్లు ఎక్కువైతే అది తిరిగి రావడానికి ఆరేళ్లు పడుతుంది. మీకు అంత అవసరం కనిపించడం లేదు.

కారు ధర చూసుకుని సంబరపడేవారు మరిచిపోయేది ఇన్సూరెన్సు. టెక్సస్ చట్టం అడిగే కనీస బీమా, ఇతరులకు కలిగించిన నష్టానికే వర్తిస్తుంది: ఒక వ్యక్తికి గాయాలకు 30 వేలు, ఒక ప్రమాదానికి మొత్తం 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. అప్పు ఉన్నంతకాలం మీ కారుకు జరిగే నష్టానికి కూడా బీమా ఉండాలని బ్యాంకు పట్టుబడుతుంది. ఇక్కడి డ్రైవింగ్ చరిత్ర లేనివారికి బీమా ప్రీమియం చాలా ఎక్కువ వేస్తారు. అందుకే టెక్సస్ లైసెన్సు వచ్చాక, మీరు అనుకున్న కారు పేరు చెప్పి, కొనకముందే మూడు నాలుగు చోట్ల బీమా ధర అడగండి. ఇంకో మాట. మన ప్రాంతంలో వసంతకాలపు వడగళ్లను తేలికగా తీసుకోవద్దు. 2016 ఏప్రిల్‌లో డాలస్‌కు ఈశాన్యంగా ఉన్న వైలీలో పడిన వడగళ్లు ఇళ్ల కిటికీలనే పగలగొట్టాయి. కారు పైకప్పు గుంటలు పడితే ఆదుకునేది ఢీకొన్న ప్రమాదాలకు వర్తించే బీమా కాదు, కాంప్రిహెన్సివ్ అనే రెండో భాగం. అపార్టుమెంటులో కప్పున్న పార్కింగ్ నెలకు కొద్దిపాటి అద్దెకు దొరికితే తీసుకోండి.

వీసా సంగతి కూడా ఈ లెక్కలో ఉండాలి. ఉద్యోగం పోతే మీకు గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది, ఐ-94, అంటే మీరు దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే పత్రం, అంతకుముందే ముగిస్తే అదే గడువు. ఆ రెండు నెలలలో కొత్త ఉద్యోగం వెతుక్కుంటూనే కారు అమ్మవలసి రావచ్చు. 72 నెలల అప్పులో మొదటి రెండేళ్లు కారు విలువ కంటే బాకీయే ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది, అలాంటప్పుడు అమ్మాలంటే ఎదురు డబ్బు కట్టాలి. పావు వంతు ముందుగా కట్టి, 48 నుంచి 60 నెలలకు మించకుండా అప్పు తీసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. కొత్తగా వచ్చినవారు చిన్న కారు కొనడానికి నాకు కనిపించే బలమైన కారణం కూడా ఇదే, త్వరగా అమ్ముడుపోతుంది.

కొనే రోజు వచ్చాక, ముందుగా మీ క్రెడిట్ యూనియన్ (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకు వంటిది) నుంచి అప్పు మంజూరు పత్రం తెచ్చుకోండి. రెండు వారాలలోపు నలుగురైదుగురు అప్పు ఇచ్చేవాళ్లను అడిగినా ఫైకో లెక్కలో అది ఒకే విచారణగా పరిగణిస్తారు, స్కోరు పడిపోతుందని భయపడవలసిన పనిలేదు. తరువాత నాలుగు దుకాణాలకు ఈమెయిలు రాసి, 6.25 శాతం రాష్ట్ర పన్ను, రిజిస్ట్రేషను, కాగితాల రుసుము అన్నీ కలిపి గేటు దాటేటప్పటి ధర ఎంతో రాతపూర్వకంగా అడగండి. 25,000 డాలర్ల కారుకు పన్నే 1,562 డాలర్లు గనుక, ఉత్త కారు ధర పోల్చుకుంటే ప్రయోజనం లేదు. డీలరు మీ క్రెడిట్ యూనియన్ కంటే తక్కువ రేటు ఇస్తే నిరభ్యంతరంగా తీసుకోండి. సంతకాల గదిలో రంగు రక్షణ, టైర్లలో నత్రజని, సీట్ల పూత వంటివి వరుసగా చెబుతారు, అన్నింటికీ ఒకే మాట చెప్పండి, వద్దని. మూడు రోజులలో కారు తిరిగి ఇచ్చేయవచ్చని ఎవరో చెబితే నమ్మకండి. ఇంటి ముందుకు వచ్చి అమ్మిన వస్తువులకు ఉండే ఆ ఫెడరల్ హక్కు దుకాణంలో కొన్న కారుకు వర్తించదు. అప్పు పూర్తిగా మంజూరైందని కాగితం మీద చూడకుండా కారు ఇంటికి తీసుకురావద్దు. వారం తరువాత ఫోన్ చేసి, పాత రేటుకు బ్యాంకు ఒప్పుకోలేదని కొత్త సంతకాలు అడిగిన సందర్భాలు నాకు తెలుసు.

వేసవిలోగా స్కోరు రాకపోతే, సహోద్యోగి వెళ్లిపోతే ఏం చేయాలని అడుగుతారు. అప్పుడు కొనేయండి. కానీ ఎక్కువ మొత్తం ముందుగా కట్టి, గడువుకు ముందే తీర్చినా జరిమానా లేని అప్పు తీసుకోండి. ఏడాది తరువాత స్కోరు బాగుపడ్డాక తక్కువ వడ్డీకి వేరే చోటికి మార్చుకోవచ్చు. ఈలోగా ఆదివారాలు ఖాళీగానే ఉంటాయి కాబట్టి, పాప కుర్చీ కొలతలు రాసుకుని వెళ్లి విండో కాగితాలు చదవడం మొదలుపెట్టండి. మీకు 470 చెప్పిన ఆయనను ఎన్ని నెలలకు, ఎంత శాతానికి చెప్పాడో ఒకసారి అడిగి, జవాబు నాకు రాయండి.