‘మతవిశ్వాసం’ పునరుక్తి అవుతుందా?

సందేహం: ఒక అనువాద వ్యాసంలో ‘ప్రపంచ దృక్పథం’, ‘విశ్వాస వ్యవస్థ’, ‘మతం’ అన్న మాటలు మూడూ పక్కపక్కనే వాడవలసి వచ్చింది. ‘మతవిశ్వాసం మనిషి ప్రపంచ దృక్పథాన్ని తీర్చిదిద్దుతుంది’ అని ఒక వాక్యం రాశాను. మతమంటేనే ఒకరు నమ్మిన అభిప్రాయం కాబట్టి ‘మతవిశ్వాసం’ పునరుక్తి అని మిత్రుడొకరు అన్నారు. పైగా దృక్పథం నుంచే మతం పుడుతుంది గాని మతం నుంచి దృక్పథం పుట్టదనీ వాదించారు. ఈ మాటలకు తేడా ఏమిటి? నా వాక్యం తప్పా? – ఒక పాఠకుడు

సమాధానం: మీ వాక్యం తప్పు కాదు. మీ మిత్రుడు చెప్పిన వ్యుత్పత్తి సరైనదే కాని, దాని మీద ఆయన చేసిన తీర్పు నిలవదు. ‘మత’ శబ్దం ‘తలచు’ అనే అర్థం గల సంస్కృత ధాతువు ‘మన్’ నుంచి వచ్చింది. మతి, మననం, మనస్సు, సమ్మతి, అనుమతి, అభిమతం, అభిమానం, అవమానం ఆ ధాతువు సంతానమే. విచారణ అనే అర్థమున్న ‘మీమాంస’ కూడా అక్కడిదే. ఐకమత్యమంటే పదిమందీ ఒకే తలపు మీద ఉండటం. భగవద్గీత మూడవ అధ్యాయం 31వ శ్లోకంలో కృష్ణుడు ‘యే మే మతమిదం’ అన్నప్పుడు ఆ మాటకు ‘నా ఈ అభిప్రాయం’ అనే అర్థం. ఇది పాతబడి పోయిన ప్రయోగం కూడా కాదు. ‘ఇది నిత్యసంధి అని చిన్నయసూరి మతం’ అన్నట్టి వాక్యాలు తెలుగు వ్యాకరణ గ్రంథాల్లో నేటికీ కనిపిస్తాయి, వాటిని చదివినవారెవరూ సూరి ఏ దేవుణ్ణి కొలిచేవాడో అక్కడ చెప్పారని అనుకోరు.

అభిప్రాయమని అర్థమున్న ఈ మాట ఒక జనసముదాయాన్నీ, దాని దేవాలయాలనూ, పండుగలనూ, పెళ్లినీ చావునూ నడిపే పద్ధతులనూ మోసే మాటగా ఎలా మారిందన్నది అసలు ప్రశ్న. మధ్యలో ఒక మెట్టు ఉంది. ఒక ఆచార్యుడి అభిప్రాయం శిష్యుల చేతిలో సిద్ధాంతమవుతుంది. అద్వైతమతం, ద్వైతమతం అన్నప్పుడు మనం ఈ మెట్టు మీద ఉన్నాం. ఆ సిద్ధాంతానికి ఉపాసనా, గురుపరంపరా తోడైతే శైవమతం, వైష్ణవమతం వంటి వాడుకలు ఏర్పడతాయి. శైవ, వైష్ణవ, శాక్త, సౌర, గాణాపత్య, కౌమారాలను షణ్మతాలనడం ఈ కోవలోదే. ఆ తరువాత క్రైస్తవం, ఇస్లాం వంటివాటికి కూడా ఇదే పేరు చెల్లింది. మాట అంతటా ఈ మెట్లన్నీ ఎక్కలేదు. హిందీలో ‘మత్’ నేటికీ అభిప్రాయమే, దాన్నిబట్టి ‘మత్‌దాన్’ అంటే ఓటు వేయడం. తెలుగు చదువరికి ఆ మాట ఎలా వినిపిస్తుందో చెప్పనక్కరలేదు. మనం మతమనే చోట హిందీవారు ‘ధర్మ్’ అంటారు. తెలుగులో ధర్మం ప్రధానంగా దానానికీ, కర్తవ్యానికీ, నీటికి పల్లానికి పారే స్వభావానికీ పేరుగా ఉండిపోయింది. అరబ్బీలో ‘మజహబ్’ అంటే వ్యుత్పత్తి ప్రకారం నడిచే దారి, శాస్త్ర పరిభాషలో ఇస్లామిక ధర్మశాస్త్రంలోని ఒక సంప్రదాయశాఖ. ఉర్దూకు వచ్చేసరికి అదే మొత్తం మతానికి పేరయింది. శాఖకు పెట్టిన పేరు చెట్టంతటికీ వర్తించడం ఒక్క తెలుగులోనే జరిగిన విశేషం కాదు.

ఇంగ్లీషు ‘రిలిజియన్’ కూడా మొదటి నుంచీ ఇప్పుడున్న అర్థంతో లేదు. దాని మూలమైన లాటిన్ ‘రెలిగియో’కు దైవకార్యాల విషయంలో జాగ్రత్త, నియమపాలన అన్నవి ప్రధానార్థాలు. ‘మళ్లీ మళ్లీ చదివి పరిశీలించు’ అనే క్రియ నుంచి ఆ మాట వచ్చిందని రోమన్ రచయిత సిసెరో అన్నాడు. ‘కట్టివేయు’ అనే క్రియ నుంచి వచ్చిందని క్రైస్తవ రచయిత లాక్టాన్షియస్ అన్నాడు. ఏ వ్యుత్పత్తి సరైనదన్న తగవు ఇంకా తీరలేదు. నాకు అంతకన్న ముఖ్యమనిపించేది మరొకటుంది. క్రతువును శ్రద్ధగా జరపడమే దైవభక్తి అనుకున్న సమాజంలో పుట్టిన సిసెరోకు ఒక వ్యుత్పత్తి తోచింది. దేవుడికీ మనిషికీ బంధమే సర్వస్వమనుకున్న లాక్టాన్షియస్‌కు మరొకటి తోచింది. ఎవరి లోకదృష్టి వారి చేత నిఘంటువు రాయించింది. జపాన్ వారైతే 19వ శతాబ్దం రెండో సగంలో పాశ్చాత్యులతో ఒప్పందాలు రాసుకునేటప్పుడు ‘రిలిజియన్’కు సమానార్థకం కోసం వెదకవలసి వచ్చి, చివరికి ‘షూక్యో’ అనే మాటను స్థిరపరచుకున్నారు. శాఖ, బోధ అనే అర్థాలున్న రెండు అక్షరాల కూర్పు అది. అంతకుముందు వారికి పూజలూ ఆలయాలూ లేవని కాదు. వాటన్నిటినీ ఒక గంపకింద పెట్టి ఒకే పేరుతో పిలవవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు పునరుక్తి సంగతి. నేటి తెలుగులో మతం అంటే నమ్మకాల మూట మాత్రమే కాదు. మతాలను తులనాత్మకంగా అధ్యయనం చేసిన నినియన్ స్మార్ట్ (1927–2001) మతానికి ఏడు పార్శ్వాలు చెప్పాడు: క్రతువు, కథ, అనుభూతి, నీతి, సిద్ధాంతం, సంఘం, భౌతిక రూపాలు. విశ్వాసం ఈ ఏడింటిలో సిద్ధాంతానికి దగ్గరగా ఉండేది, మిగిలినవాటికి కొంత ఆసరా ఇచ్చేది. కనుక ‘మతాచారం’ అన్న సమాసంలో పునరుక్తి లేనట్టే ‘మతవిశ్వాసం’లోనూ లేదు, మతానికి సంబంధించిన విశ్వాసమని షష్ఠీ తత్పురుషగా విడదీసుకోవచ్చు. ‘మతాభిప్రాయం’ అన్నా ఈనాడు తప్పు పట్టలేం, కాని సూరి మతం గురించి రాసే వ్యాసంలో మాత్రం ఆ సమాసానికి దూరంగా ఉండటం మంచిది.

‘విశ్వాసం’ గురించి కొంచెం ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే అనువాదకులు పొరపడే చోటు ఇదే. ఈ మాటకు విశ్వంతో చుట్టరికం లేదు. ఊపిరి అనే అర్థమున్న ‘శ్వస్’ ధాతువుకు ‘వి’ ఉపసర్గ చేరగా ఏర్పడింది. భయం లేకుండా ఊపిరి పీల్చుకోగలిగిన స్థితి విశ్వాసం. ఉచ్ఛ్వాసం, నిశ్వాసం దీని తోబుట్టువులు. తెలుగు వాడుకలో కుక్కకున్నది విశ్వాసం, ఉప్పు తిన్నవాడికి ఉండవలసింది విశ్వాసం, శాసనసభలో పెట్టేది అవిశ్వాస తీర్మానం. వీటిలో ఎక్కడా ‘ఫలానాది నిజమని ఒప్పుకోవడం’ అనే అర్థం ప్రధానం కాదు. ఆ అర్థానికి బలం చేకూర్చినది తెలుగు బైబిలు. ‘యందు విశ్వాసముంచు’ అనే పదబంధమూ, మతస్థుడనే అర్థంలో ‘విశ్వాసి’ అనే మాటా ఆ అనువాదం ద్వారా వ్యాపించినవే. ఒక మతం ఒక భాషలోకి ప్రవేశించి, ఉన్న మాటనే తీసుకుని దానికి కొత్త బరువు ఎలా కట్టిందో చూపడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

‘నమ్మకం’ దేశ్యం. తమిళ కన్నడాల్లో ఉన్న ‘నంబు’కు ఇది జ్ఞాతి. దీని వ్యాకరణం చూడండి. ‘దేవుడున్నాడని నమ్ముతాడు’ అన్నప్పుడు ‘అని’తో ముగిసిన ఉపవాక్యం ఉంది, అక్కడ నమ్మేది ఒక ప్రతిపాదనను. ‘దేవుణ్ణి నమ్ముతాడు’ అన్నప్పుడు ద్వితీయా విభక్తి వచ్చింది, నమ్మేది వ్యక్తిని. ‘దేవుణ్ణి నమ్ముకున్నాడు’ అన్నప్పుడు ‘కొను’ చేరి, బతుకుభారం వేశాడనే అర్థం వచ్చింది. ‘పొలాన్ని నమ్ముకున్నాడు’ అంటాం. పొలం ఉందా లేదా అన్న సందేహం అక్కడ ఎవరికీ లేదు. ఇంగ్లీషు ‘బిలీఫ్’ను తర్జుమా చేసేటప్పుడు ఈ మూడింటిలో ఏది కావాలో తేల్చుకోకపోతే వాక్యం దారి తప్పుతుంది. ఆఫ్రికాలోని నూయర్ ప్రజల మతం గురించి 1956లో రాసిన మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్, ‘నేను నమ్ముతున్నాను’ అని ప్రతిపాదనార్థంలో చెప్పడానికి వారి భాషలో మాట లేదన్నాడు. దైవం మీద భరోసా ఉంచడాన్ని చెప్పే మాట మాత్రం ఉంది. మన ‘నమ్ముకొను’ ఆ భరోసాకు చాలా దగ్గరిది.

‘శ్రద్ధ’ మరో దారి పట్టింది. అది ‘నమ్ముతాను’ అనే లాటిన్ ‘క్రేదో’కు జ్ఞాతిపదమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు, సంస్కృతంలో దానికి విశ్వాసమనే అర్థం ప్రసిద్ధం. శ్రద్ధతో చేసేది కాబట్టి శ్రాద్ధం. తెలుగులో ‘చదువు మీద శ్రద్ధ’ అన్నప్పుడు నమ్మకం జారిపోయి జాగ్రత్త మిగిలింది, అశ్రద్ధ అంటే నాస్తికత కాక నిర్లక్ష్యమయింది. పైన చెప్పిన ‘రెలిగియో’లోనూ జాగ్రత్తే ఉన్నదని గుర్తుంటే ఈ పరిణామం వింతగా తోచదు.

ఒక చిన్న మాట. ‘మూఢనమ్మకం’ అన్నంత తరచుగా ‘మూఢవిశ్వాసం’ అనం. రచయితలు తరచుగా తమవాటిని విశ్వాసాలనీ, పొరుగువారివాటిని నమ్మకాలనీ, తమకు గిట్టనివాటిని మూఢనమ్మకాలనీ రాస్తుంటారు. మీ వ్యాసంలో ఈ మూడూ ఏ మతాల పక్కన పడ్డాయో ఒకసారి సరిచూసుకోండి. వ్యాసం దేని గురించో అదే వ్యాసకర్తలోనూ పనిచేస్తూ ఉండవచ్చు.

దృక్పథం సంగతి తొందరగా ముగించవచ్చు. సంస్కృతంలో ‘దృక్పథం’ కనుచూపు మేర. ఆలోచనా విధానమనే అర్థం ఆధునికం. ‘ప్రపంచ దృక్పథం’ అన్న సమాసానికి వెనుక జర్మన్ ‘వెల్టన్‌షావుంగ్’ ఉంది. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1790లో వాడిన మాట అది. లోకాన్ని చూడటమనే అందులోని అర్థానికి ‘లోకదృష్టి’ ఇంకా పొట్టిగా సరిపోతుంది. ‘దర్శనం’ కూడా చూపే అయినా దాన్ని ఇక్కడ వాడితే షడ్దర్శనాలు గుర్తుకు వస్తాయి. అది తర్కంతో కట్టుకున్న చూపు. లోకదృష్టి తర్కించి కట్టుకున్నదే కానక్కరలేదు, చాలామందికి అది తమకున్నట్టు కూడా తెలియదు.

ఇక ఏది దేన్ని పుట్టిస్తుందన్న వాదం. మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1966 నాటి వ్యాసంలో మతాన్ని రెండు రకాల నమూనాగా వర్ణించాడు. ఉన్న ఇంటిని చూసి గీసిన బొమ్మ ఒకటి, ఇల్లు కట్టడానికి ముందు గీసుకున్న బొమ్మ ఇంకొకటి. మతం లోకం ఎలా ఉందో చెబుతూనే ఎలా మసలుకోవాలో నిర్దేశిస్తుంది కనుక అది ఒకేసారి రెండూ అవుతుంది. మీ మిత్రుడు మొదటి బొమ్మను మాత్రమే చూశారు. రెండు దిక్కులా జరిగే ఈ రాకపోకలకు మన పదచరిత్రే సాక్ష్యం చెబుతుంది. పాణిని ‘అస్తి నాస్తి దిష్టం మతిః’ (4.4.60) అనే సూత్రంతో ఆస్తిక, నాస్తిక, దైష్టిక శబ్దాలను సాధించాడు. ‘ఉంది’ అనే మతి గలవాడు ఆస్తికుడు. ఉన్నది పరలోకమని వ్యాఖ్యాతలు పూరించారు. ‘అంతా విధి’ అనేవాడు దైష్టికుడు, పాపం ఆ మాట మనకు దక్కలేదు. మనుస్మృతికి వచ్చేసరికి ‘నాస్తికో వేదనిందకః’ అయింది, కొలత పరలోకం నుంచి వేదానికి మారింది. అందువల్లనే సృష్టికర్తను ఒప్పుకోని సాంఖ్యమూ మీమాంసా ఆస్తిక దర్శనాలుగా నిలిచాయి, బౌద్ధ జైనాలు నాస్తికాలయ్యాయి. నేడు నాస్తికుడంటే దేవుడు లేడనేవాడు. ఈ అర్థంలో మీమాంసకుణ్ణి ఎటు చేర్చాలో తెలియక విద్యార్థులు తికమకపడతారు. మతం తన సరిహద్దు జరిపిన ప్రతిసారీ లోకాన్ని విభజించి చూసే గీత కూడా జరిగింది.

నమ్మకం సడలినా దాని మాట సడలకపోవడం ఇంకొక వైపు. చేసిన కర్మకు కంటికి కనబడకుండా నిలిచి తరువాత ఫలమిచ్చేది ‘అదృష్టం’, శాస్త్రాల్లో దాని అర్థం అది. ఆ సిద్ధాంతం తెలియనివారి నోట అది మేలుగా కలిసివచ్చిన యోగమయింది, దానికి విరుద్ధంగా ‘దురదృష్టం’ పుట్టింది. పునర్జన్మను ఒప్పుకోనివాడు కూడా విసుగొస్తే ‘నా ఖర్మ’ అంటాడు. పట్టుకోవడమనే అర్థమున్న ‘గ్రహణం’లో రాహువు కథ ఇమిడి ఉంది, భూమి నీడా చంద్రుడి నీడా దానికి కారణాలని 499 నాటి ఆర్యభటుడు వివరించినా పేరు మారలేదు.

ఇక మీరు అడగకుండానే మీ జాబులో కనిపించిన ‘విశ్వాస వ్యవస్థ’ విషయం. వ్యవస్థ అంటే తెలుగులో అమర్చిపెట్టిన ఏర్పాటు. విద్యావ్యవస్థ, న్యాయవ్యవస్థ అన్నప్పుడు దానికి అధికారులూ నియమాలూ ఉంటాయి. మనుషుల నమ్మకాలు అంత క్రమంగా ఉండవు, ఒకదానికొకటి పొసగనివి కూడా ఒకే మనసులో కాపురముంటాయి. ఏ మతసంస్థో సూత్రబద్ధం చేసిన నమ్మకాల గురించి రాసేటప్పుడు విశ్వాస వ్యవస్థ అనండి. మిగిలిన చోట్ల ‘విశ్వాసాలు’ అనే బహువచనం చాలు. మీ వాక్యాన్ని అలాగే ఉంచవచ్చు. మూలంలో రెండు దిక్కుల ప్రభావమూ ఉంటే మాత్రం ‘మతవిశ్వాసాలూ లోకదృష్టీ ఒకదాన్నొకటి తీర్చిదిద్దుకుంటాయి’ అని మార్చండి. ‘ఒకదాన్నొకటి’కి తోడుగా ‘తీర్చిదిద్దు’కు ‘కొను’ చేరితే పరస్పరత దానంతటదే వస్తుంది, ‘పరస్పరం’ అని వేరే రాయనక్కరలేదు, రాస్తే అప్పుడు అది పునరుక్తి.