టెక్ సందేహాలు: మూడు కొటేషన్లు, ఒక్క రెండు నిమిషాల వీడియో

ఈ వారం మెయిళ్లు తెరిస్తే ఫోన్ హ్యాంగ్ అవుతోంది, ప్రింటర్ కనెక్ట్ అవ్వట్లేదు లాంటివి తక్కువే, వీడియో తీయించుకుని ఇబ్బంది పడ్డవాళ్లూ తీయించుకోబోతూ భయపడుతున్నవాళ్లూ రాసినవే ఎక్కువ. అందుకని ఈసారి అన్నీ అవే.

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది సార్. పెద్ద కంపెనీల పర్చేజ్ వాళ్లకి చూపించడానికి రెండు నిమిషాల వీడియో తీయిద్దామని ముగ్గుర్ని అడిగితే ఒకరు 35 వేలు, ఒకరు 90 వేలు, ఇంకొకరు 2 లక్షల 20 వేలు అన్నారు. ముగ్గురూ 4కే కెమెరాలే అంటున్నారు, మరి అంత తేడా ఏటండీ?

ముందు ఆ 4కే సంగతి తేల్చేద్దాం. 4కే అంటే 3840 బై 2160 పిక్సెల్స్, అంతే, మీ జేబులో ఉన్న ఫోన్ కూడా తీసేస్తుంది. దాన్ని పట్టుకుని ముగ్గుర్నీ పోల్చడమంటే మూడు హోటళ్లలోనూ గ్యాస్ పొయ్యే కదా, బిర్యానీ రేటు ఎందుకు వేరు అని అడిగినట్టు. రేటు మారేది మనుషుల దగ్గర, రోజుల దగ్గర. తక్కువ చెప్పినవాళ్లు మామూలుగా ఒకరో ఇద్దరో వస్తారు, ఏం తీయాలో మీ షెడ్డులో అడుగుపెట్టాక చూసుకుంటారు, తీసిన అబ్బాయే ఎడిటింగూ చేస్తాడు, అందులో తప్పేం లేదు, కొన్ని పనులకి అదే చాలు. మధ్య రేటులో స్క్రిప్ట్, ముందురోజు రెక్కీ (వచ్చి స్థలం చూసుకోవడం), లైట్లు, సౌండ్‌కి విడిగా మనిషి, వాయిస్ ఓవర్ ఉండాలి. పై రేటులో ఇంకో రోజు షూటింగో, యానిమేషనో, డ్రోనో కలిసి ఉంటుంది. ఉండాలి, ఉంటుంది అంటున్నా గానీ మీ కొటేషన్లలో ఉందో లేదో కాగితమే చెప్పాలి. 'కార్పొరేట్ వీడియో, 90,000' అని ఒక్క లైనే ఉంటే దాన్ని వెనక్కి పంపి ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు ఉంటారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, చేతికి ఏ ఏ ఫైళ్లు ఇస్తారు అని విడివిడిగా రాసిమ్మనండి. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది కూడా. 18 శాతం అంటే 90 వేల మీద 16,200, చిన్న మొత్తం కాదు, మీకు జీఎస్టీ నంబరు ఉంటే మీ ఆడిటర్ని అడిగి ఇన్‌పుట్ క్రెడిట్ (ఇక్కడ కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) సంగతి చూసుకోండి.

మంచివాళ్లని గుర్తుపట్టడానికి నేను చూసేది ఒకటుంది. మొదటి మీటింగులో వాళ్లు మిమ్మల్ని ఏం అడిగారు? ఈ వీడియో ఎవరు చూస్తారు, ఎక్కడ చూస్తారు, చూశాక వాళ్లు ఏం చేయాలి అని అడిగితే కూర్చోబెట్టి టీ ఇవ్వండి. అలా కాకుండా వచ్చీ రాగానే డ్రోన్ ఇలా లేపుతాం, స్లో మోషన్‌లో మిమ్మల్ని నడిపిస్తాం అంటే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం బాపతు. షోరీల్, అంటే మంచి ముక్కలు ఏరి కూర్చిన వీడియో, చూపిస్తారు, అందులో అన్నీ మెరుపులే ఉంటాయి, అది కాదు, మీలాంటి యూనిట్‌కే తీసిన ఒక పూర్తి వీడియో మొదట్నుంచి చివరిదాకా చూపించమనండి, అది తీసినవాళ్లే మీ దగ్గరికి వస్తున్నారా అని కూడా అడగండి. చూపించేది సీనియర్ పని, పంపేది నిన్న చేరిన కుర్రాణ్ణి, ఇది మన ఊళ్లోనే కాదు అన్ని చోట్లా ఉన్నదే.

ఇక షూటింగ్ రోజు. ఆ రోజు మీ ప్రొడక్షన్ సగం ఆగుతుందని ముందే అనుకోండి, గ్రైండర్ తిరుగుతుంటే పక్కన నిలబడి మీరు ఎంత బాగా మాట్లాడినా ఒక్క ముక్క వినపడదు. అందుకే మాటలు ఆఫీసు గదిలో ఏసీ కూడా ఆపి రికార్డు చేస్తారు, మెషీన్ల షాట్లు వేరుగా తీసి ఆ మాటల మీద వేస్తారు. షెడ్డులో పాత ట్యూబ్‌లైట్లుంటే ఇంకో గొడవ. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి, మన కంటికి తెలీదు గానీ షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు లోపలికి వచ్చే సమయం, దానికి కుదరకపోతే కెమెరాకి తెలుస్తుంది. ఫోన్ అలవాటుతో సెకనుకి 30 ఫ్రేములు, షటర్ 1/60 సెకను పెట్టి తీస్తే గోడంతా అలలు అలలుగా కొట్టుకుంటుంది, 1/50 గానీ 1/100 గానీ పెడితే సమస్యే లేదు. ఇదంతా నాకెలా తెలుసంటే మా ఆఫీసులో ఓసారి తీయించిన ఇంటర్వ్యూ మొత్తం అలాగే వచ్చింది, తీసినవాళ్లు ఎడిటింగ్‌లో పోతుందన్నారు, పోలేదు, మళ్లీ తీశాం.

ఇంకోటి, ఇది కెమెరావాళ్లు చెప్పరు. మీ వీడియో చూసేది పర్చేజ్ వాళ్లు అంటున్నారు కదా, వాళ్ల కన్ను ముందు పోయేది మీ క్రేన్ మీదికి కాదు, చేతికి గ్లౌజులు లేకుండా వెల్డింగ్ చేస్తున్న కుర్రాడి మీదికి. హెల్మెట్లు, షూలు, కళ్లద్దాలు ముందురోజే సర్దిపెట్టండి. వేరే కస్టమర్ల డ్రాయింగులు, వాళ్ల పేరున్న పార్టులు ఫ్రేములో లేకుండా చూసుకోండి.

తర్వాత మొదటి ఎడిట్ వస్తుంది, చూసి కంగారు పడొద్దు, రంగులు చప్పగా, వాయిస్ ఎవరో ఆఫీసులో అబ్బాయిది ఉంటుంది, అది కూర్పు సరిగ్గా ఉందా చూడ్డానికే. మార్పులు రెండు విడతలని రాసుంటే రెండే, మూడోదానికి డబ్బులడుగుతారు, అడగడం న్యాయమే. కాబట్టి మీ పార్ట్‌నరూ, మీ అబ్బాయీ, బావగారూ తలో వాట్సాప్ మెసేజ్ పెట్టకుండా అందరివీ కలిపి ఒక్క షీటులో '0:42 దగ్గర పేరు తప్పు' అన్నట్టు టైముతో రాసివ్వండి. 'ఇంకొంచెం ఊపు ఉండాలి' అంటే ఎవరికీ ఏం అర్థం కాదు. సగం అడ్వాన్సు ఇవ్వడం మామూలే, మొత్తం మాత్రం ఫైళ్లు చేతికొచ్చి మీ కంప్యూటర్లో తెరిచి చూశాకే. మీ ముగ్గురిలో నన్ను అడిగితే మధ్యవాళ్లతో మొదట మాట్లాడండి, అదీ కాగితం విడమర్చి ఇస్తేనే.

ప్రశ్న: సీతమ్మధార నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి పెళ్లి వీడియో ఇచ్చారు, బానే ఉంది. కానీ తీసిన మొత్తం ఫుటేజ్ ఇమ్మంటే ఇంకో 20 వేలంటున్నారు. డబ్బులిచ్చాం కదా, మాది కాదా? పైగా యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ అని వచ్చింది.

మీరు అడిగింది రెండు వేరు వేరు సంగతులమ్మా. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న సినిమాకి, అంటే వీడియో కూడా అందులోకే వస్తుంది, వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. అంటే చేతికొచ్చిన వీడియో విషయంలో చట్టం మీ పక్కనే ఉంది. కానీ వాడకుండా మిగిలిన ముక్కలన్నీ ఇచ్చి తీరాలా అన్నది మాట్లాడుకున్న దాన్ని బట్టి ఉంటుంది, అందుకే బుకింగ్ రోజునే ఆ ఒక్క లైను రాయించుకోవాలి. 20 వేలు ఎక్కువే అనిపిస్తోంది గానీ వాళ్ల వైపూ ఒక మాట చెప్తా. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకి 45 జీబీ, రెండు కెమెరాలు ఎనిమిది గంటలు తిరిగితే 720 జీబీ. ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ మీరే కొనిచ్చి కాపీ చేసిమ్మంటే రేటు దిగొచ్చు, అడిగి చూడండి. ఆలస్యం చెయ్యకండి, కొన్నాళ్లయ్యాక చాలామంది చెరిపేస్తారు. ఆ ఫైళ్లు తెరవగానే అన్నీ బూడిద రంగులో కనబడితే పాడైపోయాయనుకోకండి, లాగ్ అనే పద్ధతిలో తీస్తే అలాగే ఉంటుంది, రంగులు తర్వాత దిద్దుతారు.

కాపీరైట్ గొడవ వీడియోది కాదు, అందులో వేసిన సినిమా పాటది. పాట హక్కు వీడియో తీసినవాళ్లకే లేదు, లేనిది మీకెక్కణ్ణుంచి ఇస్తారు? యూట్యూబ్‌లో పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టేస్తుంది. చాలాసార్లు ఈ పాట మాది అనే క్లెయిమ్ వరకే, పాట వాళ్లు ప్రకటనలేసుకుంటారు, కొన్నిసార్లు బ్లాక్ చేస్తారు. ఇంట్లో టీవీలో చూసుకోవడానికి ఆ కాపీ ఉంచుకుని, నెట్‌లో పెట్టడానికి సన్నాయి మేళం అసలు సౌండుతోనో యూట్యూబ్ ఆడియో లైబ్రరీ మ్యూజిక్‌తోనో ఇంకో కాపీ చేయించుకోండి. మీరేమనుకున్నా నాకు మాత్రం జీలకర్ర బెల్లం దగ్గర సినిమా పాట కంటే ఆ మేళమే బావుంటుంది.

ప్రశ్న: భీమిలి దగ్గర హోమ్‌స్టే పెట్టాం. డ్రోన్ షాట్లు కావాలంటే వీడియో అతను పర్మిషన్ అక్కర్లేదు, చిన్న డ్రోన్ అంటున్నాడు. నిజమేనా?

అతని మాట మీద ఎగరేయకండి. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక కాగితాలు తగ్గిన మాట నిజమే, ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో గ్రీన్ జోన్‌గా చూపించిన చోట 400 అడుగుల వరకూ విడిగా పర్మిషన్ అక్కర్లేదు. ఎల్లో అయితే ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అనుమతి, రెడ్ అయితే కేంద్రం అనుమతి. కానీ ఇది విశాఖ అండీ, తూర్పు నౌకాదళం ఊరు, విశాఖ ఎయిర్‌పోర్టు రన్‌వే కూడా నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాదే, నేవీ వాళ్ల స్థలాల పక్కన డ్రోన్ లేపి కథలు చెప్తే వినరు. మీ వైపు భోగాపురం ఎయిర్‌పోర్టు కూడా ఉంది, మ్యాప్ ఎప్పటికప్పుడు మారొచ్చు, కాబట్టి కేంద్రం వాళ్ల డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లోని ఆ మ్యాప్‌లో మీ స్థలాన్ని షూటింగ్ ముందు చూపించమనండి. డ్రోన్ యూఐఎన్ (రిజిస్ట్రేషన్) నంబర్ చూపించమనండి, 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బులకి పనిచేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, అదీ చూపించమనండి. తటపటాయిస్తే డ్రోన్ వద్దని చెప్పి డాబా మీద నుంచి తీయించుకోండి.

అడగకపోయినా చెప్తున్నా, సముద్రం కావాలంటే పొద్దున్నే రమ్మనండి. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచి వస్తాడు, సాయంత్రం మీ వెనక కొండల చాటుకి పోతాడు, అయిదున్నరకి తీరిగ్గా వచ్చి గోల్డెన్ లైట్ అంటే దొరికేది నీడే. బయట మాటలు రికార్డు చేస్తే మైకుకి బొచ్చు తొడుగు ఉందో లేదో చూడండి, లేకపోతే గాలి తప్ప ఏం వినపడదు.

ప్రశ్న: కంపెనీ ఇచ్చిన వీడియో లాప్‌టాప్‌లో బాగుంది, వాట్సాప్‌లో పంపితే మసక మసకగా ఉంది. వాళ్లు మోసం చేశారా? (మధురవాడ)

లేదు, వాట్సాప్ నలిపేసింది. గ్యాలరీలోంచి కాకుండా డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపండి, 2 జీబీ వరకూ ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. రీల్స్ కోసమైతే ఆ అడ్డం వీడియోనే కత్తిరించుకోకండి, పక్కన ఉన్న మనుషుల తలలు పోతాయి, 1080 బై 1920 నిలువు కాపీ విడిగా ఇమ్మని వాళ్లనే అడగండి.